మాటల్లేని వాళ్ళ వైపు తిప్పిన ఫ్యాన్లు

కొత్త ఏసీ బిగించేముందు కూలింగు బాబాయి ఇంటివాళ్ళను ఒక ప్రశ్న అడిగేవాడు.

"ఇరుగుపొరుగులో ఎవరితో మాటల్లేవు మీకు?"

జవాబు వెంటనే వచ్చేది. ఆ ప్రశ్నకు తడుముకున్న ఇల్లు ఆయన అనుభవంలో లేదు. కొందరు నోటితో చెప్పేవారు, కొందరు గడ్డంతో చూపించేవారు. ఒకావిడ మాత్రం, "ఎవరితో ఉన్నాయో అడుగు, తొందరగా తేలుతుంది," అంది. బాబాయి తలూపి, ఏసీ బయటి పెట్టెను వెనక గోడకు బిగించి, వేడిగాలి కక్కే దాని ఫ్యాను మొహాన్ని ఆ మాటల్లేని వాళ్ళ కిటికీ వైపు తిప్పేవాడు. ఈ పనికి విడిగా ఏమీ తీసుకునేవాడు కాదు. అదొక సేవ అనుకునేవాడు.

బాబాయి అని పిలవడానికి ఆయన ఎవరికీ సొంత బాబాయి కాడు. ఫ్రిజ్‌లు బాగుచేసే కొట్లో పని నేర్చుకుని ఈ వీధికి వచ్చిన కొత్తలో ఎవరో అలా పిలిచారు, మిగతావాళ్ళు అందుకున్నారు. పొట్టి మనిషి. చెవి మీద టెస్టరు. ఎవరింటికి వెళ్ళినా ముందు ఫ్యాను స్విచ్చి వేసుకుని, దాని కింద నిలబడి, ఆ తర్వాత "ఏంటి సమస్య" అని అడుగుతాడు. చేతిలో పనితనం ఉంది, అందులో వంక పెట్టలేం. వంకల్లా నోట్లోనే ఉంది. ఏసీ పాడైతే తప్పు కరెంటుది, కంపెనీది, దుమ్ముది, చివరికి ఇంటి పిల్లిది కూడా అవుతుందేమో గానీ తనది కాదు.

అక్కడ రెండు వీధుల ఇళ్ళు వీపులు ఆనించుకున్నట్టు నిలబడి ఉంటాయి. ఆ వీపుల మధ్య ఒక సందు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాలి. ఇంటి ముందు గోడకు ఏసీ పెట్టె బిగిస్తే మొహం మీద మొటిమలా ఉంటుందని అందరూ వెనకే పెట్టించుకున్నారు. అంటే రెండు వరసల వేడీ ఆ సందులోకే. ఒకరి పెట్టె ఎదురింటి పెట్టె మీదికి ఊదుతుంది. వేడిగాలినే పీల్చుకుని పనిచేయాల్సి వచ్చిన ఆ ఎదురింటి ఏసీ గదిని చల్లబరచలేక చేతులెత్తేస్తుంది. వాళ్ళు బాబాయిని పిలుస్తారు. ఆయన చెయ్యి అడ్డంపెట్టి గాలి చూసి, "దీని కెపాసిటీ చాలదు, పెద్దది పెట్టించుకోండి," అంటాడు. పెద్దది వస్తుంది. అది ఇంకా గట్టిగా ఊదుతుంది. ఇప్పుడు ఇటువైపు వాళ్ళది చల్లబరచడం మానేస్తుంది. మళ్ళీ బాబాయి. ఇలా ఏళ్ళ తరబడి ఆ సందు ఆయనకు అన్నం పెట్టింది.

సందు చివర, కింది అంతస్తులో, ఒకే కిటికీ ఉన్న గదిలో ఆయన భార్య టైలరింగు కొట్టు. బాబాయి భార్య కాబట్టి అందరికీ పిన్ని. స్కూలు యూనిఫారాలు, కర్టెన్లు, దిండు గలీబులు కుడుతుంది. బాబాయి కోసం వచ్చేవాళ్ళు కూడా ముందు ఆ కొట్లోనే ఆగుతారు. ఎవరి ఏసీ ఎంత సేపట్లో బాగవుతుందో పిన్నే చెబుతుంది, బాబాయి చెప్పేదానికి రెట్టింపు చేసి. మధ్యాహ్నం ఇద్దరి భోజనం ఆ కటింగు టేబులు మీదే. బట్ట ముక్కలు పక్కకు తోసి, కత్తెర ఆయనకు దూరంగా జరిపి కూర్చుంటుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ వాళ్ళిద్దరూ తీరిగ్గా పోట్లాడుకునే చోటు అదొక్కటే.

ఆ ఎండాకాలం సందులోంచి వచ్చే గాలికి పిన్ని కుట్టలేకపోయింది. చేతి చెమట తెల్ల యూనిఫారం మీద మరకయ్యేది. ఒకరోజు మిషను మీదే తల వాల్చేసింది. పక్కింటి వాళ్ళు నీళ్ళు చల్లి లేపారు. ఆ సంగతి తెలిసి బాబాయి పరుగెత్తుకొచ్చి, తనకు చేతనైన ఒకే ఒక్క పని చేశాడు. కొట్లో ఏసీ బిగించాడు. బయటి పెట్టె మరెక్కడ పెడతాడు, ఆ సందులోనే పెట్టాడు.

అది కాసేపు పనిచేసి ఆగిపోయింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ ఆగింది. బయటి గాలి మరీ వేడిగా ఉంటే ఆ యంత్రం తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. అది బాబాయికి తెలుసు, ఊళ్ళో అందరికీ చెబుతాడు కూడా. కానీ సొంత భార్య కొట్లో ఏసీ పనిచేయడం లేదని వీధంతా నవ్వుతుంటే ఆ సిద్ధాంతం నోటికి రాలేదు. "కంపెనీ లోపం," అన్నాడు.

"బాబాయీ, కెపాసిటీ చాలదేమో, పెద్దది పెట్టించుకో," అని మేడ మీంచి ఎవరో సలహా పడేశారు.

పిన్ని నవ్వలేదు. మార్కెట్ భవనంలో ఆమె స్నేహితురాలికి ఎంబ్రాయిడరీ కొట్టు ఉంది. పక్క గది ఖాళీగా ఉంది, వచ్చేయమని ఎప్పట్నుంచో అడుగుతోంది. "ఈ నెల చివరికి వెళ్ళిపోతానండీ," అంది పిన్ని, భోజనం పెడుతూ.

"అంత దూరమా?"

"అక్కడ గాలి వస్తుంది."

"మరి నా భోజనం?"

"క్యారేజీ కట్టి ఇస్తాను. టేబులు మీరే ఉంచుకోండి."

ఈ మాటలు జరుగుతుండగా కర్టెన్ల కొలతలు తీసుకుని టీచరమ్మ వచ్చింది. రిటైరైన సైన్సు టీచరు. బాబాయికి ఎనిమిదో తరగతిలో పాఠం చెప్పింది. ఊరంతా పిలిచే పిలుపునే తనూ పిలుస్తుంది గానీ ముందు ఒక ఒరేయ్ తగిలిస్తుంది.

"ఒరేయ్ బాబాయీ, ఆ పిల్లను ఎందుకురా ఉడకబెడుతున్నావు?"

"నేనా టీచర్? ఎండ. సూర్యుడు ముదిరిపోయాడు. మన చేతుల్లో ఏముంది?"

టీచరమ్మకు ఇలాంటి మాట దొరకడం పండగ. పిన్ని జరిపిన స్టూలు మీద కూర్చుంది. సూర్యుడి నుంచి వచ్చే వేడిని శాస్త్రవేత్తలు ఏళ్ళుగా కొలుస్తున్నారనీ, భూమి ఇంత వేడెక్కడానికి సరిపడా అది పెరగలేదనీ చెప్పింది. తప్పు సూర్యుడిదే అయితే ఎత్తున ఉన్న గాలి పొర కూడా వేడెక్కాలి, అది మాత్రం చల్లబడుతోంది. అంటే వేడి కిందే ఇరుక్కుంటోంది. బొగ్గు, పెట్రోలు, గ్యాసు కాల్చగా వచ్చిన వాయువు పోగుపడి భూమికి దుప్పటిలా కప్పుకుంది. ఏటేటా మనమే దాన్ని మందం చేస్తున్నాం.

"మీ ఏసీలకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందనుకున్నావు? చాలావరకు బొగ్గు కాలిస్తేనే. పైగా పాత ఏసీ విప్పినప్పుడు లోపలి గ్యాసు ఏం చేస్తావు?"

"గాలిలోకి వదిలేస్తాను. గాలి గాలిలోకే కదా."

"అందులో కొన్ని రకాలు కిలోకి కిలో ఆ పొగ వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతాయిరా. నువ్వు ఒక్కడివే ఒక చిన్న ఫ్యాక్టరీవి."

అది పొగడ్తో తిట్టో బాబాయికి తేలలేదు. తర్వాత, "ప్రపంచం సంగతి మీరన్నట్టే కానివ్వండి. ఈ సందు వేడి మాత్రం ఎండదే. నా ఏసీలు చల్లబరచడానికి పుట్టాయి టీచర్, వేడెక్కించడానికి కాదు," అన్నాడు.

"గదిలో వేడి తీసి ఎక్కడ పారేస్తున్నావురా మరి?"

"బయట."

"ఈ పిల్ల ఎక్కడ కూర్చుంది?"

బాబాయి మంచినీళ్ళు తాగాడు. ఆయన దగ్గర జవాబు లేనప్పుడు దాహం వేస్తుంది.

పందెం అక్కడ పుట్టింది. టీచరమ్మ ఒక థర్మామీటరు పిన్ని కిటికీకి బయటి వైపు, మరొకటి వీధి వైపు నీడలో వేలాడదీసింది. వరసగా కొన్ని మధ్యాహ్నాలు చూస్తే సందులో పాదరసం వీధి కంటే బాగా పైనే నిలిచింది. సందులో ఏసీలన్నీ ఒక మధ్యాహ్నం ఆపితే తేడా పోతుందని టీచరమ్మ. పోదని బాబాయి. పిన్ని దారం తెంపుతూ తన షరతు చెప్పింది.

"తేడా పోకపోతే ఇది ఎండే, ఎవరూ ఏమీ చేయలేరు. నేను మార్కెట్‌కు పోతాను. పోయిందంటే ఇది మీరు పెట్టిన మంట. మీరే తీసేయాలి. తీసేస్తే ఇక్కడే ఉంటాను."

"అలాగే," అన్నాడు బాబాయి దర్జాగా. అప్పటికి ఆయన చెవికి పందెం ఒక్కటే వినిపించింది.

ఎండాకాలం మధ్యాహ్నం ఏసీ ఆపమంటే ఎవరు ఆపుతారు? బాబాయి ఉచిత సర్వీసు అని చాటించాడు. "అందరివీ ఒకేసారి ఆపి చూస్తేనే అసలు లోపం దొరుకుతుంది," అని ఒక అబద్ధం కూడా జోడించాడు. ఉచితం అనేసరికి నిక్షేపంలా ఉన్న ఏసీలకు కూడా జబ్బులొచ్చాయి. ఒకింటి వాళ్ళు మిక్సీ కూడా తెచ్చి వరసలో పెట్టారు.

అనుకున్న రోజు భోజనాల వేళకు ముందే పెట్టెలన్నీ ఆగిపోయాయి. సందులో ఎప్పుడూ ఉండే హోరు పోయింది. బాబాయి పొడుగు నిచ్చెన వేసుకుని ఒక్కో పెట్టె మూత విప్పి కడుగుతూ, మధ్యమధ్య కిందికి చూశాడు. కిటికీలోంచి పిన్ని కనిపిస్తోంది. కుట్టడం లేదు. గోడకు వేలాడే కాగితపు కొలతల నమూనాలు ఒక్కొక్కటే తీసి, దుమ్ము దులిపి, అట్టపెట్టెలో పేరుస్తోంది. చొక్కావి ఒకవైపు, గౌన్లవి ఒకవైపు. మార్కెట్‌కు తీసుకెళ్ళడానికి.

నిచ్చెన మీద ఉన్న మనిషికి అప్పుడు లెక్క తట్టింది. తను పందెం గెలిస్తే ఆమె వెళ్ళిపోతుంది. ఉండాలంటే తను ఓడిపోవాలి. ఇంత చిన్న సంగతి తనకెవరూ చెప్పలేదేమిటని ఆయనకు అందరి మీదా కోపం వచ్చింది. దిగాడు. పిన్ని ఇస్త్రీకి వాడే నీళ్ళలో ఒక లైనింగు ముక్క ముంచి, ఎవరూ చూడకుండా సందు థర్మామీటరు అడుగున చుట్టి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ నిచ్చెన ఎక్కాడు.

ఈలోగా ఇళ్ళల్లో ఉక్కపోత మొదలైంది. జనం గాలి కోసం వెనక బాల్కనీల తలుపులు తీశారు. ఎదురింటి పెట్టె మొహాన ఊదుతుందని ఆ తలుపులు మూసి ఏళ్ళయింది. గడియలు తుప్పుపట్టి మూలిగాయి. ఒకరికి అక్కడ తామెప్పుడో పోయిందనుకున్న సైకిలు దొరికింది.

ఎదురెదురు బాల్కనీల్లోకి ఇద్దరు తోడల్లుళ్ళు వచ్చారు. వాళ్ళను పెద్దల్లుడు, చిన్నల్లుడు అంటుంది వీధి. అరువిచ్చిన డ్రిల్లింగు మిషను కాలిపోయి తిరిగొచ్చిందన్న గొడవతో ఇద్దరికీ మాటల్లేవు. వాళ్ళ భార్యలు అక్కచెల్లెళ్ళు, రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు, మొగుళ్ళ గురించే. చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి మగవాళ్ళిద్దరూ ఆకాశం చూశారు. అక్కడ చూడ్డానికేమీ లేదు.

పెద్దల్లుడు తన భార్యతో, అవతలికి వినపడేలా అన్నాడు. "చూశావా, వాళ్ళ పెట్టె సరిగ్గా మన కిటికీకి గురిపెట్టి ఉంది."

చిన్నల్లుడు తన భార్యతో అన్నాడు. "మరి వాళ్ళది మన పడగ్గదిలోకి ఊదడం లేదూ?"

"మీరూ మీరూ మాట్లాడుకోండి," అంది అక్క. "మీ మాటలు మోసి మోసి మా గొంతులు పోయాయి."

చిన్నల్లుడే ముందు నోరు విప్పాడు. "నేనేం కావాలని పెట్టించలేదు అన్నయ్యా. ఎవరితో మాటల్లేవని అడిగాడు, చెప్పాను. వాడే తిప్పాడు."

"ఎవడు?"

"బాబాయి."

"నన్నూ అదే అడిగాడే."

"మమ్మల్నీ అడిగాడు," అంది పై అంతస్తు ఆవిడ. "నాకెందుకడుగుతున్నాడో అర్థం కాలా. పెద్ద లిస్టే చెప్పాను."

ఒక్కొక్క బాల్కనీ నుంచీ అదే మాట దొర్లుకుంటూ వచ్చింది. అందరి చూపులూ నిచ్చెన మీదికి తిరిగాయి. బాబాయి తడిచేతుల్లో ఒక ఫిల్టరు పట్టుకుని దాన్ని చాలా శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు.

"దిగు బాబాయీ."

"సర్వీసు మధ్యలో ఉంది."

"దిగు."

అందరూ సందులోకి దిగేశారు. ఆ ఇరుకులో ఒకరి భుజం ఒకరికి తగలకుండా నిలబడే వీల్లేదు. మాటల్లేని వాళ్ళు మాటల్లేని వాళ్ళ పక్కనే ఇరుక్కుని, అందరూ కలిసి ఒకే మనిషిని తిట్టారు. ఆ వీధి చరిత్రలో అంత ఐకమత్యం అదే మొదటిసారి. బాబాయి నిచ్చెన సగంలో ఆగి, "మీరు చెప్పబట్టే కదా తిప్పాను, వాళ్ళ వైపు వద్దు అని ఒక్కరైనా అన్నారా?" అని అడిగాడు. అది నిజం కావడంతో తిట్లు ఇంకాస్త పెరిగాయి.

పిన్ని గుమ్మంలోకి వచ్చింది. "అంటే ఇన్నాళ్ళూ అందరి కోపాలూ కలిపి నా కిటికీలోకి ఊదించింది మీరేనా?"

బాబాయికి దాహం వేసింది.

అప్పుడు టీచరమ్మ థర్మామీటరు దగ్గరికి వెళ్ళింది. వంగి చూసింది. తడి గుడ్డను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది.

"ఒరేయ్, ఓడిపోవడానికి కాపీ కొట్టిన వాణ్ణి నా సర్వీసులో చూడలేదు."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. పిన్నికి అయింది. ఆ గుడ్డ ముక్క చూసింది, మొగుణ్ణి చూసింది, లోపలికెళ్ళి ఆయనకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

టీచరమ్మ థర్మామీటరు తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ వేలాడదీసింది. "ఇప్పుడు అందరూ కదలకుండా ఉండండి," అంది, తరగతిలో లాగే. అందరూ ఉన్నారు. పాదరసం కొద్దిగా పైకి పాకింది. బాబాయి ఊపిరి బిగబట్టాడు. అది ఆగింది. వీధి వైపు థర్మామీటరు చూసిరావడానికి చిన్నల్లుడు వెళ్ళాడు. మోసం లేకుండా చూడ్డానికి పెద్దల్లుడు వెంట వెళ్ళాడు.

"ఇంచుమించు ఒకటే," అన్నారు తిరిగొచ్చి, ఇద్దరూ ఒకేసారి.

బాబాయి పందెం ఓడిపోయాడు. దొంగతనంగా ఓడిపోబోయి, నిజాయితీగానే ఓడిపోయాడు.

"సందు వేడి మీది, అది పోయింది," అంది టీచరమ్మ. "వీధిలో ఉన్న వేడి అందరిదీ. నా చిన్నప్పుడు ఈ వీధిలో ఈ నెలలో ఇంత లేదు. ఇక్కడ చేసినట్టే ఊళ్ళన్నీ కలిసి చేశాయి. ఎవరికి వాళ్ళు తమ గది చల్లగా ఉంటే చాలనుకున్నారు, వేడి బయట పారేశారు. బయట అనేది ఎవరిదో కిటికీ అని అనుకోలేదు."

"అయితే ఏసీలు పీకేయాలా?" అన్నాడు పెద్దల్లుడు భయంగా.

"ఎండకు ముసలివాళ్ళు పోతున్నారు నాయనా, పీకేయమని నేననను. నువ్వు బాగా చల్లగా పెట్టుకుని పైన దుప్పటి కప్పుకుంటావటగా, ఆ దుప్పటి తీసేయ్ చాలు."

చిన్నల్లుడు పకపకా నవ్వాడు. ఆ రహస్యం అక్కచెల్లెళ్ళ ఫోను దాటి ఎప్పుడో బయటికొచ్చింది.

తర్వాత వారాల్లో బాబాయికి ఊపిరాడలేదు. పెట్టెలన్నీ విప్పి, ఫ్యాను మొహాలు ఆకాశానికేసి తిప్పి, డాబాల మీద బిగించాడు. గొట్టాలు మాత్రం ఇళ్ళవాళ్ళు కొన్నారు, కూలి ఆయన ప్రాయశ్చిత్తం. ప్రతి మెట్టు మీదా ఎవరో ఒకరు నిలబడి, "ఎవరి వైపు తిప్పుతున్నావు బాబాయీ?" అని అడిగారు. పాత గ్యాసును గాలిలోకి వదలకుండా సిలిండరులోకి పట్టే పరికరం అద్దెకు తెచ్చి, నేర్చుకోవడానికి నానా తిప్పలు పడ్డాడు. టీచరమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

డాబాలకు తెల్ల రంగు వేయాలన్నది కూడా ఆవిడ మాటే. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది, కింది గది కాగదు. తెలుపులో ఏ తెలుపు అని వీధి మళ్ళీ రెండు ముఠాలైంది. పడమటి కిటికీలకు బయటి నుంచి కట్టే మందపాటి తెరలు పిన్ని కుట్టింది. ఆ తెర కట్టిన ఇళ్ళల్లో కొందరు మధ్యాహ్నం ఏసీ వేయడమే మానేసి ఫ్యానుతో సరిపెట్టుకున్నారు. అది విని బాబాయి భార్యను అనుమానంగా చూశాడు.

"నా పొట్ట కొడుతున్నావే."

"మీరు ఇన్నాళ్ళూ నా ఊపిరి కొట్టలేదూ. తెర పట్టుకోండి, కొక్కేలు కుట్టాలి."

అందరూ మారిపోలేదు. మూలింటాయన తన పెట్టెను కదిలించనివ్వలేదు, ఎదురింటి మీద ఆయన కోపం ఇంకా తీరలేదు. వీధి వేడి కూడా తగ్గలేదు. తగ్గించడం ఒక్క వీధి వల్ల అయ్యే పని కాదని టీచరమ్మ కలిసిన ప్రతివాడికీ చెబుతూ, పక్క వీధుల్లో కూడా తలుపులు కొట్టడం మొదలుపెట్టింది. ఆవిడను దూరం నుంచి చూడగానే ఆ వీధుల వాళ్ళు ఏసీ ఆపేసి తలుపు తీయడం నేర్చుకున్నారు.

పిన్ని తొందరపడి మాటివ్వలేదు. మంచి ఎండ కాసే రోజు కోసం ఆగింది. అలాంటి రోజొకటి వచ్చింది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మిషను దగ్గర్నుంచి లేవకుండా తెల్ల యూనిఫారాలు కుట్టింది. చెమట పట్టింది. కానీ బట్ట మీద మరక పడలేదు, తల తిరగలేదు. భోజనాల వేళ మార్కెట్ స్నేహితురాలికి ఫోను కలిపి, బాబాయి చేతికిచ్చింది.

"మీరే చెప్పండి."

"నేనా? నీ స్నేహితురాలు కదా."

"పందెం మీది కదా."

అవతల హలో అంటోంది. బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"నమస్కారమండీ. మా ఆవిడ రావడం లేదు. ఆ గది ఇంకెవరికైనా ఇచ్చేయండి."

"అయ్యో, ఎందుకండీ? సామాను కూడా సర్దుకుందన్నారే."

"పందెం వేశానండీ. ఓడిపోయాను."

"పాపం," అంది ఆమె మర్యాదకు. "బాధపడకండి."

పిన్ని బట్ట ముక్కలు పక్కకు తోసి, కత్తెర ఆయనకు అందనంత దూరంగా జరిపి, కంచాలు పెడుతోంది.

"లేదండీ," అన్నాడు బాబాయి. "భోజనం చేస్తున్నాను."